కృష్ణమ్మ శివారు ఆయకట్టు

ఏటా ఆగస్టు, సెప్టెంబర్ వచ్చాయంటే చాలు, మన టీవీల కింద ఒక స్క్రోలింగ్ పరుగులు పెడుతుంది. ‘ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తివేత... లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రంలోకి!’ యాంకర్ గొంతులో బాధ వింటే మన జేబులోంచి డబ్బులు జారిపోతున్నట్టే ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. అన్ని రంగులవాళ్లూ తన్నుకునే గ్రూపులో కూడా ఈ ఒక్క మాట మీద మాత్రం అందరూ ఒకటే. సముద్రంలో కలిసిన నీళ్లంటే దండగ!

ఈ వారం ఆ ‘వృథా’ సంగతి మాట్లాడుకుందాం. ఆ నీళ్లు వెళ్లే దారిలో, సముద్రానికి ముందు, ఎవరైనా ఉన్నారా? వాళ్లకి నీళ్లతో పనుందా? ఇది టీవీ ముందు కూర్చుంటే తేలే విషయం కాదు. అందుకే మొన్న జనవరిలో ఒక శనివారం లాప్‌టాప్ మూసేసి, కృష్ణా నది ఆగిపోయే చోటుకి వెళ్లొచ్చాను.

ఎడారిలో ఒక అడవి

నిజానికి ఈ ప్రయాణం మొదలైంది అమెరికా నుంచి. ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు వీకెండ్ ఫొటోలు పంపాడు. అరిజోనా ఎడారి, నిలువెత్తు కాక్టస్‌లు, ఎర్రటి కొండలు. వాటి మధ్యలో, ఎవరో గ్రీన్ మార్కర్‌తో గీత గీసినట్టు, పచ్చటి అడవి. అది బిల్ విలియమ్స్ నది వన్యప్రాణి శరణాలయం. ఆ చిన్న నది కొలరాడో నదిలో కలిసే చోట ఉంటుంది.

నాకు నచ్చింది ఫొటో కంటే వాడు చెప్పిన కథ. ఆ నది మీద పైన అలమో డ్యామ్ ఉంది. 1968లో కట్టారు. అక్కడి కాటన్‌వుడ్, విల్లో చెట్ల గింజలు మొలవాలంటే వరద వచ్చి ఇసుకని తడిపి మెల్లగా తీయాలి. డ్యామ్ వచ్చాక ఆ వరదలు తగ్గిపోయాయి. కొత్త మొక్కలకి కష్టమైంది. అప్పుడు డ్యామ్ నడిపే ఇంజనీర్లూ, జీవశాస్త్రవేత్తలూ కూర్చుని మాట్లాడుకుని, చెట్ల కాలానికి తగ్గట్టు నీళ్లు వదిలి చూశారు. అడవి కోసం గేట్లు ఎత్తారన్నమాట! ఎడారిలో, చుక్క నీటికీ లెక్కుండే చోట!

‘మన దగ్గర ఇలాంటిది ఉందా రా?’ అని అడిగాడు. ఉంది. విజయవాడ నుంచి మూడు గంటలు. పేరు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. ఎడారి కాదు గానీ, తీపి నీళ్ల కోసం ఎదురుచూడటంలో దానికేం తీసిపోదు.

ఊళ్ల పేర్లే చరిత్ర

బెజవాడ నుంచి కరకట్ట రోడ్డు పట్టుకుంటే తోట్లవల్లూరు, శ్రీకాకుళం (మన కృష్ణా జిల్లా శ్రీకాకుళమే, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు), మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరొచ్చు. ఎడమ పక్క అరటి, పసుపు, చెరకు తోటలు. కుడి పక్క నది. నది అంటే ఆ నెలలో ఎక్కువగా ఇసుకే. మధ్యలో అక్కడక్కడా అద్దం ముక్కల్లా నీటి మడుగులు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. ఇక్కడి నుంచి ఊళ్ల పేర్లు కాస్త జాగ్రత్తగా చదవండి. హంసలదీవి, నాగాయలంక, పాలకాయతిప్ప, ఎలిచెట్లదిబ్బ, ఏటిమొగ. దీవి, లంక, తిప్ప, దిబ్బ... అన్నీ నది మోసుకొచ్చిన మట్టి, ఇసుక పేరుకుని ఏర్పడిన నేలకి పెట్టిన పేర్లే. మొగ అంటే ఏరు సముద్రంలోకి తెరుచుకునే నోరు. మా భాషలో చెప్పాలంటే ఇది నది రాసుకున్న లాగ్ ఫైల్. ఏ అడుగు నేల ఎలా వచ్చిందో పేర్లలోనే ఉంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచిన నది, వేల ఏళ్లపాటు మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మట్టిని తెచ్చి ఇక్కడ పోసింది. దివిసీమ అంటే కృష్ణమ్మ చేతి పని.

ఆ పని ఇప్పుడు దాదాపు ఆగిపోయింది. 2009లో ‘నేచర్ జియోసైన్స్’ అనే పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాటిలో మన కృష్ణా డెల్టా ఒకటి. నది తెచ్చే ఒండ్రులో తొంభై శాతానికి పైగా తగ్గిపోయిందని అందులో రాశారు. ఎక్కడికి పోయింది? పై నుంచి కింద దాకా ఉన్న రిజర్వాయర్ల అడుగున పడుంది. నేలని పెంచే మట్టి రావట్లేదు, సముద్రం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఒకవైపు డిపాజిట్లు ఆగిపోయి, మరోవైపు ఆటో డెబిట్ నడుస్తున్న అకౌంట్ ఎంతకాలం ఉంటుంది?

ఆకు నాకి చూడు బాబూ

అభయారణ్యం విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. కృష్ణా జిల్లాతో పాటు నదికి అవతల బాపట్ల జిల్లా వైపు కూడా ఉంది. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ లాంటి రిజర్వు అడవులన్నీ కలిపితే ఇది. పులి, సింహం ఊహించుకుని వెళ్తే నిరాశే. ఇక్కడి హీరో మడ అడవి.

అటవీ శాఖ అనుమతి తీసుకుని పడవ ఎక్కాం. పడవ నడిపినాయన అరవై దాటిన పెద్దాయన. ఇంజన్ ఆపి, తెడ్డుతో ఒక సన్నటి కాలవలోకి తిప్పాడు. ఒక్కసారిగా సౌండ్ అంతా మ్యూట్ అయినట్టయింది. రెండు పక్కలా బురదలోంచి వేల పెన్సిళ్లు పైకి పొడుచుకొచ్చినట్టు వేళ్లు. మడ చెట్టు బురదలో ఊపిరాడక పైకి పెట్టుకున్న ముక్కులవి. బురద మీద చిన్న చేపలు ఈదడం మానేసి గెంతుతున్నాయి. కాలు కదిపితే చాలు పీతలు కన్నాల్లోకి మాయం.

‘‘ఈ ఆకు ఒకసారి నాకి చూడు బాబూ’’ అన్నాడు పెద్దాయన, మడ కొమ్మ ఒకటి వంచి. నాకాను. ఉప్పగా, చిప్స్ ప్యాకెట్ అడుగున మిగిలిన పొడిలా ఉంది. ఈ చెట్టు ఉప్పు నీళ్లు తాగి, అక్కర్లేని ఉప్పుని ఆకుల మీదకి నెట్టేస్తుంది. పక్కనే ఇంకో చెట్టు మీద చెయ్యి వేయబోతే మాత్రం గట్టిగా అరిచాడు. అది తిల్ల. దాని పాలు కంట్లో పడితే కళ్లు మండిపోతాయి, చూపుకే ప్రమాదం.

‘‘ఉప్పు తట్టుకుంటాయి కదా బాబాయ్, ఇక నది నీళ్లతో వీటికేం పని?’’ అని అడిగాను.

ఆయన నవ్వాడు. ‘‘తట్టుకుంటది. తట్టుకోటం వేరు, పెరగటం వేరు. నువ్వు ఉప్పు తింటావు గదా అని అన్నం మానేసి ఉప్పే పెడితే ఉంటావా? ఏట్లో తీపు ఉంటేనే చెట్టు ఏపుగా లేస్తది. తీపు తగిలితేనే పిల్ల చేప మొగలోకి ఎక్కుద్ది. ఇప్పుడు వానాకాలం నాలుగు రోజులు వరదొస్తది, పోద్ది. తరవాత పోటుకి సముద్రం లోపలికొస్తది, పాటుకి వెళ్తది. అంతే. ఏరెక్కడుంది?’’

బయాలజీ పుస్తకంలో రెండు పేజీల విషయాన్ని ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. మడ అడవికి కావాల్సింది ఉప్పూ తీపూ కలిసిన నీరు. తీపి తగ్గేకొద్దీ చెట్లు గిడసబారతాయి. ఉప్పుకి బాగా ఓర్చుకునే ఒకటి రెండు రకాలే మిగులుతాయి. కొన్నిచోట్ల ఏమీ మొలవని తెల్లటి ఉప్పు పర్రలు వస్తాయి. సింధు నది చివర ఇదే జరిగింది. ఎడారి గుండా వచ్చే ఆ నది నీళ్లు పైన బ్యారేజీల్లో ఆగిపోయాక, ఒకప్పుడు వరి పండి ఓడల్లో ఎగుమతైన కేటీ బందర్ చుట్టుపక్కల పొలాలు ఉప్పు తేలాయి.

ఇక పిల్ల చేపల సంగతి మనకి వేరే చెప్పాలా? పుస్తెలమ్మయినా పులస తినాలని సామెత చెప్పుకునే జాతి మనది. సముద్రంలో తిరిగే ఇలస, గోదారి వరద నీటికి ఎదురెక్కితేనే పులస అవుతుంది. మొగలోకి నది నీళ్లే రాకపోతే ఆ చేపకి దారెక్కడిది? పులసే కాదు, రొయ్య, పీత, సముద్రపు చేపల్లో చాలా రకాలు చిన్నతనం గడిపేది ఈ మడ వేళ్ల మధ్యే. మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో దిగే సరుకులో ఈ అడవికీ వాటా ఉంది.

కనపడని పిల్లి

ఇక్కడ ఒక సెలబ్రిటీ ఉంది. బావురు పిల్లి. కొందరు నీటి పిల్లి అంటారు. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. బూడిద రంగు ఒళ్లు, నల్లటి మచ్చలు, పొట్టి తోక. పిల్లి జాతికి నీళ్లంటే పడదని మనం అనుకుంటాం కదా, ఇది నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది. వేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఇదీ ఉంది. అంటే చట్టం దృష్టిలో పులి ఎంతో ఇదీ అంతే. మన రాష్ట్రంలో ఇది బతికే పెద్ద చోట్లు రెండే అనుకోవచ్చు. కాకినాడ దగ్గర కోరింగ, ఇక్కడ మన కృష్ణా.

కనిపించిందా అంటే, లేదు. అది రాత్రి డ్యూటీ. పగలు వచ్చి ఫొటోలకి పోజులివ్వదు. గట్టు మీద తడి బురదలో అడుగుజాడలు మాత్రం చూపించాడు పెద్దాయన. చిన్న గిన్నె బోర్లించి అద్దినంత గుండ్రటి గుర్తులు, నీటి అంచు దాకా వెళ్లి ఆగిపోయాయి. రీల్‌కి పనికొచ్చే కంటెంట్ కాదు. కానీ ఒక్కటి చెప్తా, ఆ నాలుగు గుర్తుల ముందు కూర్చున్న పది నిమిషాలు ఫోన్ తీయబుద్ధి కాలేదు.

ఒడ్డున ఇసుకలో ఇంకో అతిథి. జనవరి నుంచి రెండు మూడు నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి, కంచె లోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. ఆ తాబేలు గూడు కట్టుకునే ఇసుక కూడా నది తెచ్చిందే. ఇసుక రాకపోతే తీరం కోసుకుపోతుంది, గూటికి చోటు తగ్గుతుంది.

ఇదంతా పిల్లులకీ తాబేళ్లకీ సంబంధించిన సంగతి, మనకేంటి అనుకుంటున్నారా? అయితే 1977 నవంబర్ 19 గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఆ రోజు దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటికీ ఇక్కడ కాలాన్ని ‘ఉప్పెనకి ముందు, ఉప్పెన తరవాత’ అని కొలుస్తారు. 1999లో ఒడిశాని సూపర్ సైక్లోన్ కొట్టినప్పుడు, కేంద్రపాడ జిల్లాలో వెడల్పాటి మడ అడవి అడ్డుగా ఉన్న ఊళ్లలో మరణాలు తగ్గాయని తర్వాత పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. మడ అడవి అంటే జీతం అడగని కరకట్ట. దానికి కావాల్సిన మెయింటెనెన్స్ ఒక్కటే, పై నుంచి కాస్త తీపి నీరు, కాస్త మట్టి.

సగటు చెప్పే అబద్ధం

ఇప్పుడు అసలు ప్రశ్న. వరదల్లో లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి కదా, మరి నీళ్లు రాలేదంటారేంటి?

మా ఫీల్డ్‌లో ఒక పాఠం ఉంది. సర్వర్ ఎలా ఉందో సగటు చూసి చెప్పకు. రోజంతా ఖాళీగా ఉండి, ఒక్క గంటలో కుప్పకూలినా సగటు బాగానే కనిపిస్తుంది. కృష్ణ కూడా అంతే.

2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వరద గుర్తుందిగా? ఒకపక్క బుడమేరు సింగ్ నగర్‌ని ముంచింది, మరోపక్క ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. అదే వేగంతో ఒక రోజు ప్రవహిస్తే దాదాపు 99 టీఎంసీలు. గంటకి నాలుగు టీఎంసీల పైనే!

ఇప్పుడు రెండో లెక్క. వరదలు తగ్గాక, డిసెంబర్ నుంచి మే దాకా ఆరు నెలలు బ్యారేజీ కిందికి రోజూ వెయ్యి క్యూసెక్కులు వదిలారనుకుందాం. మొత్తం ఎంతవుతుంది? సుమారు 15.5 టీఎంసీలు. అంటే ఆ వరద పీక్‌లో నాలుగు గంటలు కూడా నిండని నీళ్లు! వెయ్యి అనేది నేను ఉదాహరణకి తీసుకున్న అంకె. అసలు ఎంత కావాలో నిపుణులు తేల్చాలి. కానీ సమస్య ఎక్కడుందో మీకు అర్థమైందిగా? అడవికి కావాల్సింది నాలుగు రోజుల కుంభవృష్టి కాదు, ఏడాది పొడవునా సన్నటి ధార.

ఒకప్పుడు ఆ ధార ఉండేది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు లెక్కతీస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదటి అరవై ఏళ్లలో కృష్ణ ఏటా సగటున 1,700 టీఎంసీలకు పైగా సముద్రానికి చేర్చింది. 2001-04 మధ్య కరువు ఏళ్లలో అది దాదాపు సున్నాకి పడిపోయింది. ఒక నది, సముద్రం దాకా వెళ్లకుండానే అయిపోయింది. 1976లో అమల్లోకి వచ్చిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో 2,060 టీఎంసీలని మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 అని పంచారు. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఆ కాలమ్‌లో ‘నది’ అనే పేరుతో ఒక గడి లేదు. 2010 నాటి రెండో ట్రిబ్యునల్ తీర్పులో కనీస ప్రవాహం అనే మాటైతే వచ్చింది గానీ, ఆ తీర్పు కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది.

రైతు ఒప్పుకుంటాడా?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రకాశం బ్యారేజీ కింద పన్నెండు లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టుంది. మా అమ్మ తరఫు వాళ్లదీ ఘంటసాల దగ్గర శివారు పొలం. గోదారి నీళ్లు పట్టిసీమ నుంచి ఎత్తిపోస్తే తప్ప నాట్లు పడని సంవత్సరాలు వాళ్లకి తెలుసు. పులిచింతలలో 45 టీఎంసీలు నిల్వ ఉంటే, అందులో 15 పిల్లికీ చేపకీ వదలమంటే మా మావయ్య ఊరుకుంటాడా?

సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగి చూశాను. ముందు కస్సుమన్నాడు. ‘‘మాకే దిక్కులేదురా, పిల్లికా?’’ అన్నాడు. తరవాత సొర్లగొంది పెద్దాయన చెప్పింది చెప్పాను. మావయ్య కాసేపు మాట్లాడలేదు. ‘‘అంటే వాళ్లదీ శివారేనన్నమాట’’ అన్నాడు.

ఆ మాట నాకు భలే నచ్చింది. డెల్టాలో పుట్టినవాడికి శివారు అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. కాలవ తలకట్టున ఉన్నోడు తూము ఎత్తుకుంటే చివరోడికి బురదే మిగులుతుంది. అందుకేగా కాలవకి వంతులు పెట్టుకున్నాం, రాత్రి పూట టార్చిలైట్లతో కాపలా కాశాం. మహారాష్ట్ర ఆపుతోందని కర్ణాటక, కర్ణాటక ఆపుతోందని మనం, మనలో మనం మళ్లీ ఎగువ, దిగువ. ఈ వరసలో అందరికంటే ఆఖరున ఉన్నది ఈ మడ అడవి, అక్కడి మత్స్యకారులు. కృష్ణమ్మ మొత్తానికీ వాళ్లదే శివారు ఆయకట్టు. శివారుకి నీళ్లు చేరితే దాన్ని మనం ఎప్పుడైనా వృథా అన్నామా?

రైతు పొట్ట కొట్టి అడవికి పోయమని ఎవరూ అనట్లేదు. వరద రోజుల్లో ఎలాగూ వెళ్లే నీటిని కాస్త సర్ది, మెల్లమెల్లగా, ఎక్కువ రోజులు వదలొచ్చా అన్నది ఒక ప్రశ్న. బ్యారేజీకి దిగువన కొత్త బ్యారేజీలు కట్టాలన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు, మొగ దాకా ఎంత నీరు చేరుతుందో కూడా డిజైన్ కాగితంలో రాయొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. ఎడారిలో డ్యామ్ నడిపేవాళ్లు ఈ లెక్కకి కూర్చోగలిగినప్పుడు, కాటన్ దొర కాలం నుంచి నీటి ఇంజనీరింగ్ చూస్తున్న మనం కూర్చోలేమా?

వెళ్లాలనుకుంటే

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఎండలు ముదిరాక వద్దు. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి, అక్కడి వేణుగోపాలస్వామిని చూసుకుని పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లొచ్చు. సాగర సంగమం వైపు వెళ్లాలన్నా, మడ కాలవల్లో పడవ ఎక్కాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ముందే కనుక్కుని వెళ్లండి. మాఘ పౌర్ణమికి పుణ్యస్నానాల జనం లక్షల్లో ఉంటారు. ప్రశాంతత కావాలంటే ఆ రోజు తప్పించండి. పోటూ పాటూ వేళలు పడవాయన్ని అడిగి, ఆయన చెప్పిన టైమ్‌కే బయల్దేరండి. తాబేలు కనిపిస్తే ఫ్లాష్ కొట్టొద్దు, సెల్ఫీ కోసం ముట్టుకోవద్దు. తాగేసిన బాటిల్ వెనక్కి తెచ్చేయండి.

వచ్చేముందు సంగమం దగ్గర ఐదు నిమిషాలు నిలబడి నీటి రంగు చూడండి. వరద నెలల్లో అయితే ఎర్రటి నీరు సముద్రపు నీలంలోకి తోసుకుంటూ వెళ్లడం కనిపిస్తుందట. నేను వెళ్లిన జనవరిలో రెండు పక్కలా ఒకటే రంగు. ఎక్కడ కృష్ణ అయిపోయిందో, ఎక్కడ సముద్రం మొదలైందో వేలు పెట్టి చూపించలేకపోయాను. వేలు ముంచి నాలుకకి రాసుకున్నా, రెండు వైపులా ఉప్పే.